జీతంలోంచి పెన్షన్ కట్ అవుతోంది, ఖాతాలో మాత్రం 13 నెలలుగా ఏమీ పడలేదు (యూకే): ఎవరికి ఫిర్యాదు చేయాలి?

పేస్లిప్_బాధితుడు:

అందరికీ నమస్కారం. యూకేలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా స్పాన్సర్‌షిప్ మీద ఉద్యోగం చేస్తున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదివి సలహా చెప్పండి, వారం రోజులుగా నాకు సరిగా నిద్ర లేదు.

నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద, అంటే కంపెనీ స్పాన్సర్ చేసే వీసా మీద, ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి 18 నెలలైంది. మొత్తం ముప్పై మందిమి ఉంటాం. జీతం ఏడాదికి 38,000 పౌండ్లు. మొదటి నెల నుంచీ పేస్లిప్‌లో పెన్షన్ పేరుతో 105.87 పౌండ్లు కట్ చేస్తున్నారు. చేరిన కొత్తలో పెన్షన్ ప్రొవైడర్ (ఆ డబ్బు తీసుకుని పెట్టుబడి పెట్టే సంస్థ) దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది, యాప్‌లో లాగిన్ పెట్టుకున్నాను, రెండు మూడుసార్లు చూశాను, డబ్బు పడుతోంది, సరేలే అని వదిలేశాను. రిటైర్మెంట్ గురించి ఈ వయసులో ఎవరు రోజూ చూసుకుంటారు చెప్పండి.

మొన్న ఒక ఫ్రెండ్ తన పెన్షన్ ఎంత పెరిగిందో చెబుతుంటే నాదీ చూద్దామని తెరిచాను. మొదటి 5 నెలల డబ్బు మాత్రమే ఉంది. ఆ తర్వాత 13 నెలలు ఖాళీ. పేస్లిప్పులన్నీ తీసి చూస్తే ప్రతి నెలా 105.87 కట్ అయ్యే ఉంది. హెచ్ఆర్‌ని అడిగితే "ప్రొవైడర్ సిస్టమ్‌లో ఏదో సమస్య, చూస్తున్నాం" అన్నారు. ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తే "మీ కంపెనీ నుంచి మాకు డబ్బే రాలేదు, ఈ విషయం మీకు ఉత్తరం కూడా రాశాం" అన్నారు. ఆ ఉత్తరం నేను ముందు అద్దెకున్న ఇంటికి వెళ్లింది. అడ్రస్ మార్చుకోకపోవడం నా తప్పే. ఫైనాన్స్ మేనేజర్‌కి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు.

నా లెక్క ప్రకారం 13 నెలలకు దాదాపు 1,376 పౌండ్లు పోయినట్టు. డబ్బు ఒక ఎత్తు, గట్టిగా అడిగితే ఉద్యోగం తీసేస్తారేమో, వీసా పోతుందేమో అనే టెన్షన్ ఇంకో ఎత్తు. భార్య, చిన్న పాప ఇక్కడే ఉన్నారు. ఫిర్యాదు ఎవరికి చేయాలి? కంపెనీకా, ప్రొవైడర్‌కా, ప్రభుత్వానికా? ఎవరైనా ఇలాంటిది దాటి వచ్చారా?


పాత_పేరోల్:

తమ్ముడూ, నేను తొమ్మిదేళ్లు ఇక్కడే పేరోల్‌లో పనిచేశాను, ఇలాంటి కేసులు లోపలి నుంచి చూశాను. ముందు నీ లెక్క సరిచేస్తాను. నువ్వు పోగొట్టుకున్నది 1,376 కాదు, సరిగ్గా దానికి రెట్టింపు.

ఎలాగో చూడు. ఆటో ఎన్‌రోల్‌మెంట్ (ఉద్యోగిని యజమానే పెన్షన్‌లో చేర్చాలనే చట్టం) నియమాల ప్రకారం నీ జీతంలో 6,240 నుంచి 50,270 పౌండ్ల మధ్య ఉన్న భాగం మీద కనీసం 8 శాతం పెన్షన్‌లో పడాలి. 38,000 లోంచి 6,240 తీసేస్తే 31,760. నెలకు 2,646.67. అందులో కంపెనీ తన జేబులోంచి వేయాల్సింది కనీసం 3 శాతం, అంటే 79.40. మిగతా 5 శాతం, 132.33, నీ వాటా. కానీ నీ దగ్గర 105.87 మాత్రమే కట్ చేస్తున్నారంటే మీ స్కీమ్‌లో 20 శాతం పన్ను రాయితీని ప్రొవైడర్ ప్రభుత్వం నుంచి తెచ్చి కలుపుతాడన్నమాట, అది 26 పౌండ్ల చిల్లర. కాబట్టి నీ ఖాతాలో నెలకు దాదాపు 211.73 పడాలి. 13 నెలలకు 2,750 దాటుతుంది. పైగా ఆ డబ్బు పెట్టుబడిలో ఉండాల్సింది, ఇన్నాళ్లూ ఫండ్ పెరిగి ఉంటే ఆ పెరుగుదల కూడా నీదే. ఇదెందుకు ముందే చెబుతున్నానంటే, రేపు కంపెనీవాళ్లు "నీ 1,376 నీకు బ్యాంకులో వేసేస్తాం, అయిపోయింది కదా" అంటే ఒప్పుకోకూడదు.

రెండో సంగతి. నీ జీతంలోంచి కట్ చేసిన డబ్బు వచ్చే నెల 22వ తేదీ లోపు పెన్షన్ స్కీమ్‌కి చేరాలి. చెక్కు రూపంలో అయితే 19. ఇది చట్టం, కంపెనీ వీలునుబట్టి ఉండేది కాదు. కట్ చేసి తన దగ్గరే పెట్టుకుంటే అది నీ డబ్బుతో కంపెనీ నడుపుకోవడమే. పేరోల్‌లో నేను చూసినంతలో ప్రొవైడర్ సిస్టమ్ సమస్య ఒక నెల ఉంటుంది, రెండు నెలలు ఉంటుంది, 13 నెలలు ఉండదు. చేతిలో డబ్బు ఆడని కంపెనీ మొట్టమొదట ఆపేది పెన్షనే, ఎందుకంటే జీతం ఆగితే అదే రోజు అందరూ అడుగుతారు, పెన్షన్ ఆగితే ఎవరూ చూడరు.

ఇప్పుడు ఎవరి పని ఏంటో చెబుతాను, ఇక్కడే చాలామంది దారి తప్పుతారు.

పెన్షన్స్ రెగ్యులేటర్, బ్రైటన్‌లో ఉంటుంది, కంపెనీ తన బాధ్యత చేస్తోందా లేదా చూసేది ఇదే. నోటీసు ఇస్తుంది, 400 పౌండ్ల జరిమానా వేస్తుంది, అప్పటికీ కదలకపోతే రోజువారీ జరిమానా మొదలుపెడుతుంది. మీలా 5 నుంచి 49 మంది ఉన్న కంపెనీకి అది రోజుకు 500 పౌండ్లు. కానీ నీ ఒక్కడి కేసు తీసుకుని నీకు ఇంత రావాలని తీర్పు చెప్పడం దాని పని కాదు.

పెన్షన్స్ ఆంబుడ్స్‌మన్ వేరు. నీ ఒక్కడి ఫిర్యాదు విని తీర్పు ఇచ్చేది ఈ సంస్థ. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. స్కీమ్ మీదే కాదు, యజమాని మీద కూడా ఫిర్యాదు తీసుకుంటుంది. దాని తీర్పుకు ఇద్దరూ కట్టుబడాలి, కంపెనీ వినకపోతే కౌంటీ కోర్టు ద్వారా అమలు చేయించుకోవచ్చు. చట్టపరమైన పాయింట్ మీద మాత్రమే హైకోర్టుకు అప్పీలు ఉంటుంది. ఇలాంటి కేసుల్లో మామూలుగా ఇచ్చే ఆదేశం, కట్టని డబ్బు కట్టు, సమయానికి కట్టి ఉంటే ఎన్ని యూనిట్లు (ఫండ్‌లో వాటాలు) వచ్చేవో లెక్కేసి ఆ తేడా కూడా పూడ్చు, పడ్డ మనోవేదనకు కొంత ఇవ్వు. ఆ చివరిదానికి కూడా మెట్లున్నాయి, 500, 1,000, 2,000 పౌండ్లు, మరీ అసాధారణమైతే ఇంకా పైకి.

కానీ నేరుగా అక్కడికి వెళ్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేశావా అని వెనక్కి పంపుతారు. అందుకే ముందు ఆ ఉత్తరం రాయి. "అడుగుతున్నాను", "కొంచెం చూడగలరా" లాంటి మాటలు వద్దు, "ఇది నా అధికారిక ఫిర్యాదు" అని మొదటి వాక్యంలోనే ఉండాలి. ఏ నెల ఎంత కట్ అయింది, ఖాతాలో ఎంత పడింది, ఒక టేబుల్. 14 రోజుల్లో రాతపూర్వక జవాబు కావాలని చివర్లో. అంతకు మించి ఒక్క మాట కూడా అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది ఈ రాత్రే చేయి. పేస్లిప్పులన్నీ పేరోల్ పోర్టల్ నుంచి డౌన్‌లోడ్ చేసి సొంత మెయిల్‌లో పెట్టుకో. ఉద్యోగం పోయిన మరుక్షణం ఆ పోర్టల్ లాగిన్ పనిచేయదు, ఎంతమంది ఆ తర్వాత ఏడ్చారో నాకు తెలుసు. పీ60 (ఏడాది జీతం, పన్ను చూపే కాగితం), ఉద్యోగ ఒప్పందం, ప్రొవైడర్ యాప్‌లో ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా.


పేస్లిప్_బాధితుడు:

అక్కా, చాలా థాంక్స్. కంపెనీ వాటా సంగతి, పన్ను రాయితీ సంగతి నాకసలు తట్టనే లేదు. రాత్రే అన్నీ దింపుకున్నాను. కానీ ఆ ఉత్తరం రాయాలంటే చేయి రావడం లేదు. మా డైరెక్టర్ ఇంతకు ముందు ఒకబ్బాయి ఓవర్‌టైమ్ అడిగితే "నీ స్పాన్సర్‌షిప్ ఎవరు ఇస్తున్నారో గుర్తుంచుకో" అన్నాడు. నేను విన్నాను.


సగంలో_ఆపినవాడు:

నీ పోస్ట్ చదివి గుండె బరువెక్కింది. నేనూ అచ్చం ఇలాగే భయపడి ఊరుకున్నాను, దాని ఫలితం ఏంటో చెప్పాలని రాస్తున్నాను.

నా విషయంలో 20 నెలలు డబ్బు కట్టలేదు. నాకు నాలుగో నెలలోనే తెలిసింది. ఐఎల్ఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చేదాకా నోరు మెదపకూడదని నిర్ణయించుకున్నాను, ఆంబుడ్స్‌మన్ దగ్గర మూడేళ్ల గడువు ఉంటుందని ఎక్కడో చదివి, ఇంకా టైమ్ ఉందిలే అని ధైర్యం చెప్పుకున్నాను. ఆ గడువు నిజమే. తప్పు జరిగిన రోజు నుంచి, లేదా ఆ తప్పు నీకు తెలిసిన రోజు, తెలిసి ఉండాల్సిన రోజు నుంచి మూడేళ్లు. కానీ గడువు ఉన్నంత మాత్రాన కంపెనీ అప్పటిదాకా ఉంటుందని ఎవరూ చెప్పలేదు కదా. మా కంపెనీ దివాలా తీసింది. ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేటర్ వచ్చాడు. అప్పుడు వెళ్లి ఆంబుడ్స్‌మన్ తీర్పు తెచ్చుకున్నా కట్టేవాడు ఎవడు?

దివాలా తీసిన కంపెనీల విషయంలో ప్రభుత్వం తరఫున రిడండెన్సీ పేమెంట్స్ సర్వీస్ అని ఒకటుంది, నేషనల్ ఇన్సూరెన్స్ ఫండ్ నుంచి కొంత కడుతుంది. లిక్విడేటర్, స్కీమ్ వాళ్లు కలిసి దరఖాస్తు చేస్తారు. కానీ నా జీతంలోంచి కట్ చేసినదాంట్లో దివాలాకు ముందు 12 నెలలది మాత్రమే వస్తుంది. కంపెనీ వాటాకు వేరే పరిమితులున్నాయి. నావి 20 నెలలు. మొదటి 8 నెలలది పోయింది. నాలుగో నెలలోనే అడిగి ఉంటే ఆ నాలుగు నెలలదైనా కక్కించేవాణ్ని, ఆ తర్వాతి నష్టం ఆగి ఉండేది.

అందుకని నువ్వు ఈరోజే చేయాల్సిన పని ఒకటి చెబుతాను. కంపెనీస్ హౌస్ (కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో మీ కంపెనీ పేరు కొట్టి చూడు, ఫ్రీ. లెక్కలు సమయానికి దాఖలు చేశారా, ఆలస్యం అని ఎర్రగా చూపిస్తోందా, డైరెక్టర్లు ఈ మధ్య రాజీనామా చేశారా, కంపెనీని రిజిస్టర్ నుంచి కొట్టేసే నోటీసు ఏమైనా ఉందా. ఆ నోటీసు పడి ఉంటే నువ్వు డబ్బు రావాల్సినవాడిగా ఆన్‌లైన్‌లోనే అభ్యంతరం పెట్టొచ్చు, పెడితే తాత్కాలికంగా ఆగుతుంది. అక్కడే "ఫాలో" అనే బటన్ ఉంటుంది, నొక్కి పెట్టుకుంటే ఏ కాగితం దాఖలైనా నీకు మెయిల్ వస్తుంది. ఇదేమీ కంపెనీకి తెలియదు.

వీసా సంగతి. ఆటో ఎన్‌రోల్‌మెంట్ హక్కు అడిగినందుకు ఉద్యోగంలోంచి తీసేయడం, ఇబ్బంది పెట్టడం చట్టవిరుద్ధం, దీనికి ఇన్నేళ్ల సర్వీసు ఉండాలనే షరతు కూడా లేదు. కాగితం మీద అది గట్టి రక్షణే. కానీ నిజంగా తీసేస్తే మాత్రం స్పాన్సర్ హోమ్ ఆఫీస్‌కి చెబుతాడు, ఆ తర్వాత సాధారణంగా 60 రోజులు ఇస్తారు, ఆలోపు కొత్త స్పాన్సర్ దొరకాలి. కేసు గెలవడం తర్వాతి మాట. నీ భయం వట్టిదని నేను అనను. అందుకే ఇవాళ్టి నుంచే వేరే ఉద్యోగం వెతుకు. పెన్షన్ కట్టలేని కంపెనీ రేపు జీతం కడుతుందన్న నమ్మకం ఏముంది? ఉద్యోగం వెతకడం, ఫిర్యాదు చేయడం, రెండూ పక్కపక్కనే నడవాలి, ఒకటి అయ్యాక ఇంకొకటి అనుకోవద్దు.


ముందు_రెగ్యులేటర్:

అక్క చెప్పినదాంట్లో ఒక్క విషయంలో నాకు తేడా ఉంది. కంపెనీకి ఉత్తరం రాసి 14 రోజులు ఆగేదాకా ఎందుకు? రెగ్యులేటర్‌కి సమాచారం ఇవ్వడానికి ముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలనే నిబంధన లేదు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఫారం నింపితే చాలు. నీ పేరు బయటపెట్టకుండా చూడమని అడగొచ్చు, వీలైనంతవరకు గోప్యంగానే ఉంచుతారు. ఇంకో సంగతి, చందాలు చాలాకాలం రాకపోతే, మామూలుగా 90 రోజులు దాటితే, ప్రొవైడరే రెగ్యులేటర్‌కి చెప్పాలి. నీకు వచ్చిన ఆ పాత ఇంటి ఉత్తరం బహుశా అందులో భాగమే. కాబట్టి రెగ్యులేటర్ నుంచి కంపెనీకి ఫోన్ వెళ్లినా అది నీ వల్లే అని డైరెక్టర్ తేల్చలేడు.

ముప్పై మంది ఉన్నారన్నావు. నీ ఒక్కడిదే ఆగిందనుకుంటున్నావా? అందరిదీ ఆగే ఉంటుంది. వాళ్లలో ఎంతమందికి వీసాతో పని లేదు?


పేస్లిప్_బాధితుడు:

ఇది నాకు అసలు తోచలేదు. రేపు లంచ్‌లో నమ్మకమైన ఇద్దరిని అడుగుతాను.


నర్సమ్మ:

మీ విషయం కాస్త వేరేది అయినా, ఫిర్యాదు ప్రక్రియ మొత్తం మేము అనుభవించాం కాబట్టి చెబుతున్నాను, తర్వాత చదివేవాళ్లకు ఉపయోగపడుతుంది.

మా వారిది జీతం, సర్వీసు మీద లెక్కకట్టే పాత రకం పెన్షన్. ఏడేళ్లపాటు ప్రతి ఏటా వచ్చిన స్టేట్‌మెంట్లలో ఆయన పార్ట్‌టైమ్ చేసిన రోజుల్ని ఫుల్‌టైమ్ కింద లెక్కేశారు. రిటైర్మెంట్ దగ్గర పడ్డాక "పొరపాటు జరిగింది, మీకు వచ్చేది ఇంతకంటే తక్కువ" అని ఒక్క పేజీ ఉత్తరం పంపారు. ఆయన ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ అంకె చూసుకునే మేము ఎప్పుడు మానేయాలో ప్లాన్ చేసుకున్నాం.

ట్రస్టీలు (సభ్యుల తరఫున స్కీమ్ చూసేవాళ్లు) నడిపే స్కీముల్లో ఇంటర్నల్ డిస్ప్యూట్ రిజల్యూషన్ ప్రొసీజర్, అంటే స్కీమ్ లోపలే ఫిర్యాదు తేల్చే పద్ధతి, అని ఉంటుంది, అందరూ ఐడీఆర్‌పీ అంటారు. కొన్నిట్లో ఒకే దశ, కొన్నిట్లో రెండు. మాది రెండు. ఒక్కో దశకి నాలుగు నెలలు అనుకోండి. మొదటి దశలో వచ్చిన జవాబు చదివితే మా ఉత్తరం అసలు చదివారా అనిపించింది. రెండో దశలో మాత్రం ఎవరో కూర్చుని చూశారు, తప్పు ఒప్పుకున్నారు, 500 ఇస్తామన్నారు. మేము ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాం. ఏడాదికి పైగా పట్టింది.

ఎవరూ మాకు ముందు చెప్పని మాట ఇది: స్టేట్‌మెంట్‌లో తప్పు అంకె వేసినంత మాత్రాన ఆ అంకె మీ హక్కు అయిపోదు. స్కీమ్ నియమాల ప్రకారం ఎంత రావాలో అంతే వస్తుంది. ఆ తప్పు అంకెను నమ్మి, నమ్మడం న్యాయంగా ఉండి, వెనక్కి తీసుకోలేని నిర్ణయం ఏదైనా చేసి నష్టపోతే మాత్రం ఆ నష్టం అడగొచ్చు. మావారు అప్పటికింకా ఉద్యోగం మానలేదు, ఇల్లు అమ్మలేదు. కాబట్టి పెన్షన్ పెరగలేదు, మనోవేదనకు 1,000 పౌండ్లు ఇచ్చారు. ఓడిపోయామా అంటే పూర్తిగా కాదు, స్కీమ్‌వాళ్ల చేత రాతపూర్వకంగా క్షమాపణ చెప్పించాం, అది ఆయనకి డబ్బు కంటే ఎక్కువ. కానీ ముందే ఇది తెలిసి ఉంటే స్టేట్‌మెంట్ వచ్చిన ప్రతిసారీ సర్వీసు తేదీలు ఒకసారి సరిచూసుకునేవాళ్లం. మీరందరూ చూసుకోండి, అంకె కాదు, తేదీలు చూడండి.

ఏ దశలో ఉన్నా మనీహెల్పర్‌కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, ప్రభుత్వం నడిపేది. ఉత్తరంలో ఏం రాయాలో నాకు వాళ్లే ఓపిగ్గా చెప్పారు.


సిప్_తిప్పలు:

ఇందులో నాదొక చిన్న ప్రశ్న, కొత్త థ్రెడ్ ఎందుకని ఇక్కడే అడుగుతున్నా. నాది కంపెనీ పెన్షన్ కాదు, నేనే సొంతంగా తెరుచుకున్న పర్సనల్ పెన్షన్. పాత ప్రొవైడర్ నుంచి కొత్తదానికి మార్చమని అడిగి ఐదు నెలలైంది, ప్రతిసారీ ఇంకో ఫారం అంటారు. దీనికి ట్రస్టీలు, ఐడీఆర్‌పీ ఏమీ లేవు కదా, ఎవరి దగ్గరికి వెళ్లాలి?


పాత_పేరోల్:

పర్సనల్ పెన్షన్‌కి ఫిర్యాదు నేరుగా ప్రొవైడర్‌కే. ఫోన్‌లో చెప్పినా అది ఫిర్యాదే, అయినా మెయిల్‌లో పెట్టండి. ఎనిమిది వారాల్లో వాళ్లు తుది జవాబు ఇవ్వాలి. ఆ జవాబు నచ్చకపోయినా, ఎనిమిది వారాలు దాటినా బయటికి వెళ్లొచ్చు.

బయటికి అంటే రెండు తలుపులున్నాయి. ట్రాన్స్‌ఫర్ ఆలస్యం, తప్పు లెక్కలు, రికార్డుల గందరగోళం, అంటే నడిపే తీరు మీద ఫిర్యాదైతే పెన్షన్స్ ఆంబుడ్స్‌మన్. ఎవరో సలహా ఇచ్చి తప్పు పెన్షన్ అంటగట్టారు, రిస్క్ చెప్పలేదు, అంటే అమ్మకం, సలహా మీదైతే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్. ఈ రెండో చోట తుది జవాబు వచ్చిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి, ఆ గడువు జారిపోతే చాలా కష్టం. తప్పు తలుపు తట్టినా వాళ్లు రెండోదానికి పంపిస్తారు కానీ, మీ గడువు ఆ లోపు కరిగిపోకుండా చూసుకోండి. మీరు అడిగిన రోజున యూనిట్ ధర ఎంత, ఇవాళ ఎంత, రాసి పెట్టుకోండి. ఆలస్యం వల్ల నష్టపోయారో లేదో తేల్చేది అదే.


సగంలో_ఆపినవాడు:

ఒకటి మర్చిపోయాను. ఇలాంటి థ్రెడ్‌లు చదివి మెసేజ్ పెట్టేవాళ్లుంటారు, "ఇండియా వెళ్లిపోతున్నారా, మీ పెన్షన్ డబ్బు ఇప్పుడే బయటికి తీసిస్తాం" అని. నాకు ఇద్దరు పెట్టారు. ఆ డబ్బు మామూలుగా 55 ఏళ్ల లోపు తీయడానికి లేదు, 2028 ఏప్రిల్ 6 నుంచి అది 57 అవుతుంది. తీవ్రమైన అనారోగ్యం లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, ముందే లాగితే 55 శాతం దాకా పన్ను పడుతుంది, మధ్యలో వాడి కమిషన్ వేరే. పెన్షన్ గురించి అడగకుండా ఫోన్ చేసి అమ్మడం 2019 నుంచి నిషేధం కూడా. అలా ఎవరైనా ఫోన్ చేశారంటేనే పెట్టేయండి. వెనక్కి వెళ్లిపోయినా మీ పెన్షన్ మీదే, అక్కడే ఉంటుంది. అడ్రస్, ఫోన్ నంబర్, మెయిల్ మాత్రం మార్చకుండా విమానం ఎక్కొద్దు.


పేస్లిప్_బాధితుడు:

ఏడు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నాను, మీ అందరికీ చెప్పాల్సిన బాధ్యత నాకుంది.

లంచ్‌లో ఇద్దరిని అడిగాను. ఒకాయన ఇక్కడే పుట్టి పెరిగిన యాభై ఏళ్ల మనిషి, యాప్ తెరిచి చూసి కాసేపు మాట్లాడలేదు. ఆయనదీ అదే పరిస్థితి, జీతం ఎక్కువ కాబట్టి నాకంటే ఎక్కువ పోయింది. మొత్తం 19 మంది కలిశాం. ఉత్తరం అక్క చెప్పిన పద్ధతిలోనే రాశాం, మొదటి వాక్యంలో "అధికారిక ఫిర్యాదు", కింద టేబుల్, 14 రోజులు. మొదటి సంతకం ఆయన పెట్టారు. నాది పదకొండోది. ఆయన అన్నారు, "నీ పేరు మధ్యలో ఉండనీ, నాకు ఎవరూ వీసా ఇవ్వలేదు" అని. ఆ మాట నేను మర్చిపోలేను.

అదే రోజు రెగ్యులేటర్‌కి ఫారం కూడా పంపాం. కంపెనీస్ హౌస్‌లో చూస్తే లెక్కలు రెండు నెలలు ఆలస్యం, నోటీసు మాత్రం ఏమీ లేదు, ఫాలో పెట్టుకున్నాను.

తొమ్మిదో రోజు డైరెక్టర్ మీటింగ్ పెట్టాడు. ఒక పెద్ద క్లయింట్ డబ్బు ఎగ్గొట్టాడు, అందుకని సర్దుబాటు చేశాం, ఎవరి డబ్బూ పోదు అన్నాడు. నాలుగో వారంలో అందరికీ ఆరు నెలల డబ్బు పడింది, కంపెనీ వాటాతో సహా. నిన్న మిగతా ఏడు నెలలదీ పడింది. దాంతోపాటు ఒక కాగితం ఇచ్చారు, "పెన్షన్ చందాలకు సంబంధించి నాకు ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అని, శుక్రవారం లోపు సంతకం పెట్టాలట. పెట్టేయనా? చాలా అలసిపోయాను. వేరే కంపెనీలో రెండో రౌండ్ ఇంటర్వ్యూ అయింది, స్పాన్సర్ చేస్తామన్నారు.


పాత_పేరోల్:

ముందు నీకు, ఆ పెద్దాయనకు నా నమస్కారం. 13 నెలలది మొత్తం లోపల పడటం చిన్న విషయం కాదు.

సంతకం మాత్రం ఇప్పుడే వద్దు. వాళ్లు వేసింది అసలు మాత్రమే. నిరుడు 22వ తేదీన పడాల్సిన డబ్బు నిన్న పడింది, నిరుటి ధరకి కొనాల్సిన యూనిట్లు నిన్నటి ధరకి కొన్నారు. ధర పెరిగి ఉంటే నీకు తక్కువ యూనిట్లు వచ్చాయి, ఆ తేడా ముప్పై ఏళ్లు అలాగే ఉండిపోతుంది. ప్రొవైడర్‌కి మెయిల్ పెట్టు, ఏ నెల చందా దాని తర్వాతి నెల 22న వచ్చి ఉంటే ఎన్ని యూనిట్లు కొనేవాళ్లు, ఇప్పుడు ఎన్ని కొన్నారు, నెలవారీగా చెప్పమని. ఈ లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది. ధర తగ్గి ఉంటే నీకు నష్టమే లేదు, అదీ తెలుస్తుంది.

కంపెనీకి రెండే లైన్లు రాయండి, 19 మందీ కలిపి: చందాలు అందాయి, పెట్టుబడి నష్టం లెక్క ప్రొవైడర్ నుంచి రావాల్సి ఉంది, అది తేలి, పూడ్చిన తర్వాతే సంతకం గురించి మాట్లాడతాం. శుక్రవారం అనేది వాళ్లు పెట్టుకున్న తేదీ, ఏ చట్టంలోనూ లేదు. ఉద్యోగం మారినా ఈ ఫిర్యాదు నీతోపాటే వస్తుంది, నీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు ఉన్నాయి. కొత్తచోట కాగితాలన్నీ చేతికొచ్చి, కొత్త స్పాన్సర్‌షిప్ మీద వీసా అప్రూవ్ అయ్యేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకు.


పేస్లిప్_బాధితుడు:

సంతకం పెట్టలేదు అక్కా. 19 మందిలో ఇద్దరు అప్పటికే పెట్టేశారట, మిగతా 17 మంది పేర్లతో మెయిల్ వెళ్లింది. ప్రొవైడర్ పది పని రోజుల్లో యూనిట్ల లెక్క ఇస్తామన్నారు. నా పాత అడ్రస్ కూడా అదే కాల్‌లో మార్పించాను.